45 మీటర్ల లోతు గుహలో, మామూలు గాలితో, ఒక్కడినే దిగొచ్చా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సముద్రంలో వందకు పైగా డైవ్‌లు చేశారు, లోతులో వచ్చే మత్తు (నార్కోసిస్) మీకు పెద్దగా తెలియడం లేదు. కాబట్టి ఫ్లోరిడా గుహల్లో 45 మీటర్ల దాకా ఒంటరిగా వెళ్తే తప్పేంటని అడిగారు.

వెళ్లకండి. ‘తెలియడం లేదు’ అన్నారే, నాకు భయమేసింది అక్కడే. నాకూ తెలియలేదు మరి.

కొన్నేళ్ల క్రితం సముద్రంలోనే, 44 మీటర్ల దగ్గర, నాతో దిగినతను బొటనవేలు పైకెత్తి చూపించాడు. డైవింగ్‌లో దానికి ‘పైకి పోదాం’ అని అర్థం, మొదటి రోజే నేర్పుతారు. నేనేమో ‘సూపర్’ అంటున్నాడనుకుని, నేనూ వేలెత్తి, ఇంకా కిందికి ఈదాను. అతను నా కాలి ఫిన్ పట్టుకుని లాగితే ఆగాను. గేజ్ చూశాను, వెంటనే మర్చిపోయి మళ్లీ చూశాను. అంతసేపూ నా బుర్ర చురుగ్గా ఉందనే నమ్మకం! 30 మీటర్లకు వచ్చేసరికి మబ్బు విడిపోయింది. ఎక్కువసార్లు దిగితే అలవాటవుతుందంటారు గానీ, అలవాటయ్యేది ఆ మత్తు భావన మాత్రమే. పొరపాట్లు తగ్గవు.

ఆరోజు ఫిన్ లాగే మనిషి లేకపోతే? తలమీద నీళ్లకు బదులు రాయి ఉంటే?

ఇక గాలి లెక్క. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 40 మీటర్ల దగ్గర 100 లీటర్లు కావాలి. 200 బార్ నింపిన 12 లీటర్ల సిలిండర్‌లో ఉండేది 2400. మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మిగతాది ఆపదకు అన్న నియమం పాటిస్తే లోపలికి వెళ్లడానికి మీకు దక్కేది 8 నిమిషాలు. టెన్షన్‌లో శ్వాస రెట్టింపైతే అదీ ఉండదు. పైగా లోతులో గాలి చిక్కబడుతుంది. ఎంత రొప్పినా కార్బన్ డయాక్సైడ్ సరిగా బయటికి పోదు, మత్తు ఇంకా పెరుగుతుంది. ఫిన్ తగిలి అడుగు మట్టి లేచిందంటే బయటికి దారి చూపే తాడు కళ్ల ముందే ఉన్నా కనపడదు.

45 దగ్గర ఆగుతారని నమ్మకమేంటి? 66 మీటర్ల దగ్గర ఇదే గాలిలోని ఆక్సిజన్ పీడనం 1.6 బార్‌కు చేరుతుంది. ముందు సూచనేమీ లేకుండా ఫిట్స్ రావచ్చు, నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారుతుంది. పక్కన ఎవరూ లేకపోతే అంతే.

గుహ ప్రమాదాలను తవ్వి చూసి, బయటి దాకా ఎక్కడా తెగకుండా సాగే తాడు, లోపలికి గాలిలో మూడో వంతే, మామూలు గాలితో 40 మీటర్లు దాటొద్దు అని 1979లోనే రాసిన గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ, 1994లో మెక్సికోలోని జకటోన్ అనే నీటి గుంటలో పోయాడు. అతను దిగింది హీలియం కలిపిన గాలితో. అంతటివాడికే అలా జరిగింది.

ఫ్లోరిడాలో చాలా గుహల ముఖద్వారం దగ్గర నీళ్లలో ఒక బోర్డు ఉంటుంది, కొడవలి పట్టిన అస్థిపంజరం బొమ్మతో, అక్కడి యముడన్నమాట. శిక్షణ లేకపోతే అది దాటొద్దు. ముందు కేవర్న్ (గుహలో పగటి వెలుగు కనపడే మేర) కోర్సు, తర్వాత కేవ్ (గుహ లోపలి) కోర్సు చెయ్యండి. 30 దాటి వెళ్లాలనుకుంటే ట్రైమిక్స్ (హీలియం కలిపిన గాలి)తో డైవింగ్ నేర్చుకోండి. హీలియం బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి, నాకూ తిరిగాయి. అందుకే నా గుహ డైవ్‌లన్నీ 30 లోపే, అదీ ఇంకొకరితోనే.