స్టూడియోలో ఉద్యోగం, యూనివర్సిటీలో పాఠం: రెండూ కుదురుతాయా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఎక్కువగా పిల్లల టీవీ సీరీస్‌లు. ఒక యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ వాళ్లు ఫోన్ చేసి, బీఎఫ్‌ఏ యానిమేషన్ రెండో సంవత్సరం పిల్లలకి వారానికి రెండు రోజులు పాఠం చెప్తారా అని అడిగారు. నాకు డిగ్రీ ఉంది గానీ పీజీ లేదు, లెక్చరర్ ఉద్యోగాలకి అడిగే నెట్ పరీక్షా పాసవలేదు. డబ్బులు క్లాసు లెక్కన ఇస్తారట. ఇంట్లో వాళ్లు ‘వచ్చేదెంత, తిరిగేదెంత’ అంటున్నారు. నాకేమో వెళ్లాలనే ఉంది, కానీ మూడు గంటలు క్లాసులో ఏం చెప్పాలో తలుచుకుంటేనే టెన్షన్.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వెళ్లండి. కానీ సరే అనే ముందు డబ్బుల సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ఈ పనిలో విసుగొచ్చేది పిల్లలతో కాదు, బిల్లులతో.

గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలని యూజీసీ 2019లో చెప్పింది. అది చూసి లెక్కలు వేసుకోకండి, రాష్ట్ర యూనివర్సిటీల్లో రేటు వాళ్లు పెట్టుకున్నదే. అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకోటుంది: ప్రాక్టికల్ గంటని ఎలా లెక్కేస్తారు? కొన్నిచోట్ల రెండు ప్రాక్టికల్ గంటలు కలిపితేనే ఒక క్లాసు. మీరు చెప్పేదంతా ప్రాక్టికలే కదా. వారానికి ఆరు గంటలు, నెలకు 24, పూర్తి రేటు ఇచ్చినా 36,000, సగం లెక్కేస్తే 18,000. మళ్లీ దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, పరీక్షల రోజులు ఉంటాయి, క్లాసు జరగకపోతే డబ్బు లేదు. అటెండెన్స్ కాగితాలు జతచేసి బిల్లు పెట్టాలి, హెచ్‌ఓడీ సంతకం కావాలి, అది అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లాలి, అక్కడెప్పుడు కదులుతుందో అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది మేడమ్’ అంటారు. టీడీఎస్ పట్టుకుంటే అది రిటర్న్ వేసినప్పుడు సర్దుకుంటుంది, దానికి బెంగ అక్కర్లేదు. క్లాసు రేటు, ప్రాక్టికల్ లెక్క, జ్యూరీకి (పిల్లల పనులు చూసి మార్కులు వేయడానికి), పేపర్లు దిద్దడానికి విడిగా ఇస్తారా లేదా, ఇవన్నీ రాసి ఉన్న ఆర్డర్ చేతికొచ్చాకే మొదలుపెట్టండి. ఫోన్‌లో ఎంత మర్యాదగా మాట్లాడినా సరే.

ఈ డబ్బుతో ఇల్లు గడుస్తుందనుకుంటే మాత్రం వద్దు. గెస్ట్‌గా ఎన్నేళ్లు చెప్పినా దానంతటదే పర్మనెంట్ ఉద్యోగం అయిపోదు. ఆ ఆశతో ఉన్న ఉద్యోగం వదులుకున్నవాళ్లని చూస్తే బాధేస్తుంది.

క్వాలిఫికేషన్ సంగతి: రెగ్యులర్ పోస్టుకి సాధారణంగా పీజీ, నెట్ అడుగుతారు. గెస్ట్ ఫ్యాకల్టీకి కూడా అవే ఉండాలని పట్టుబట్టే చోట్లున్నాయి, ఆర్ట్ విభాగాల్లో పనితనం చూసి మాడ్యూల్‌కి ఇంతని విజిటింగ్‌గా పిలిచేవీ ఉన్నాయి. మిమ్మల్ని ఏ పేరుతో తీసుకుంటున్నారో అడగండి. డిగ్రీల కంటే అనుభవాన్ని చూసే ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతిని యూజీసీ 2022లో తెచ్చింది గానీ దానికి 15 ఏళ్ల అనుభవం కావాలి, మీకింకా నాలుగేళ్లు తక్కువ. అయినా స్టూడియో మనిషి పాఠం చెప్పడం మన దగ్గర కొత్తేం కాదు. 1956లో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ యూనిట్‌కి పని నేర్పడానికి బొంబాయి వచ్చిన క్లెయిర్ వీక్స్ డిస్నీలో పనిచేసిన యానిమేటరే. భారతీయ యానిమేషన్ పితామహుడని పేరున్న రామ్ మోహన్ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలోనే ఉన్నారు.

ఇక క్లాసులో ఏం చెప్పాలి. మొదటి నెల కంప్యూటర్ల జోలికే వెళ్లొద్దని నా మాట. పిల్లలు గొణుగుతారు, వాళ్లలో సగంమంది యానిమే ఫైట్ సీన్లు చూసి వచ్చినవాళ్లే, మొదటి రోజే కత్తి తిప్పాలి. గొణగనివ్వండి. ఒక రూపాయి బిళ్ల, ఒక టేబుల్, ఒక ఫోన్ చాలు. బిళ్లని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫోటో తీయమనండి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫోటోని రెండు ఫ్రేములు నిలబెడితే 12 ఫోటోలు. సమానంగా జరిపితే బిళ్ల ప్రాణం లేనట్టు జారుతుంది, మొదట్లో కాస్త కాస్త, మధ్యలో ఎక్కువ, చివర్లో మళ్లీ కాస్త కాస్త జరిపితే ఎవరో తోసినట్టుంటుంది. స్పేసింగ్ (ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య బొమ్మ ఎంత జరగాలన్నది) అంటే ఏంటో ఒక్క మధ్యాహ్నంలో అర్థమైపోతుంది, అరగంట లెక్చర్ ఇచ్చినా అంత అర్థం కాదు. తర్వాత కాగితం మీద ఎగిరే బంతి, పైన గీతలు దగ్గర దగ్గరగా, కిందికొచ్చేకొద్దీ దూరంగా. అదే గీతని టెన్నిస్ బంతిగా, ఇనప గుండుగా, నీళ్లు నింపిన బెలూన్‌గా మార్చమనండి. క్లాసులో ఎవరికి కళ్లున్నాయో అక్కడే తెలిసిపోతుంది.

నడకకి వచ్చేసరికి కాంటాక్ట్ (పాదం నేలని తాకడం), డౌన్ (ఒళ్లు కిందికి దిగడం), పాసింగ్ (ఒక కాలు ఇంకో కాలిని దాటడం), అప్ (ఒళ్లు పైకి లేవడం) అని నాలుగు పోజులు బోర్డు మీద వేస్తే అందరూ ఒకేలాంటి నడక తెస్తారు. అందుకని ముందు బయటికి పంపండి. సిటీ బస్సు కదిలేటప్పుడు నిలబడ్డవాళ్లు వెనక్కి ఎలా ఊగుతారు, బ్రేక్ వేస్తే తల ముందా, చెయ్యి ముందా, భుజాన బ్యాగు ఎంత ఆలస్యంగా ఊగుతుంది, ఇవి గీసుకు రమ్మనండి. గేదె నడక ఇంకా మంచిది: ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, తర్వాత కుడి వెనక, కుడి ముందు. చూడకుండా ఊహించి గీసినవాడు రెండు నిమిషాల్లో దొరికిపోతాడు. కత్తిరించిన ముక్కల్ని జరిపి ఆడించే కటౌట్ యానిమేషన్ దగ్గర, తోలుబొమ్మలకి పేరుపడ్డ నిమ్మలకుంట ఊరి బొమ్మలు చూపించండి. కీళ్లు ఎక్కడ పెడితే చెయ్యి ఎంత తిరుగుతుందో ఆ కళాకారులకి ఎప్పటినుంచో తెలుసు. అట్టముక్కలు కత్తిరించి, కీళ్ల దగ్గర దారంతో ముడేసి ఒక బొమ్మని ఆడించిన పిల్లాడికి తర్వాత కంప్యూటర్‌లో రిగ్గింగ్ (బొమ్మకి ఎముకలు, కీళ్లు అమర్చడం) చెప్పడం చాలా తేలిక.

సాఫ్ట్‌వేర్ లైసెన్సులు లేవని డిపార్ట్‌మెంట్ వాళ్లు చేతులెత్తేస్తే బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూన్జ్ ఉన్నాయి, మూడూ ఉచితమే. 2025లో యానిమేషన్ ఫీచర్‌కి ఆస్కార్ తెచ్చుకున్న ‘ఫ్లో’ బ్లెండర్‌లో చేసిందే, ఆ మాట చెప్తే ‘ఇండస్ట్రీ సాఫ్ట్‌వేర్ కాదు కదా మేడమ్’ అనే గొంతులు కాస్త తగ్గుతాయి.

మీకు అసలు టైమ్ పోయేది చెప్పడంలో కాదు, చూడటంలో. పాతికమంది ఉంటే ఒక్కొక్కరి పని మీద ఆరు నిమిషాలు పెట్టినా రెండున్నర గంటలు. మిగిలింది ఇంటికి తెచ్చుకుంటే ఆదివారం గోవిందా. కాబట్టి స్టూడియోలో డైలీస్ (ఆ రోజు చేసిన షాట్లు) అందరూ కలిసి చూసినట్టే అందరి ముందూ ప్రొజెక్టర్ మీద వేసి, గీత మీద గీత గీసి చూపించండి, ఒకరికి చెప్పింది పదిమందికి పనికొస్తుంది. మాట మాత్రం మెత్తగా ఉండాలి. స్టూడియోలో ‘ఇదేం షాట్, మళ్లీ చెయ్’ అనడం మనకి మామూలే, 19 ఏళ్ల పిల్ల అదే మాటకి మర్నాడు క్లాసుకి రాదు. ఇంకో సంగతి, తెలుగులో చెప్పండి. తెలుగు మీడియంలో చదివి జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీష్‌లో అడగలేక వెనక బెంచీలో కూర్చుంటారు, మీరు ‘ఏరా, ఈ చెయ్యి ఎందుకు ఆగిపోయింది?’ అన్నారంటే నోరు విప్పుతారు.

స్టూడియోలో ముందే చెప్పి, మెయిల్‌లో అనుమతి తీసుకోండి. డెలివరీ వారాల్లో ఈ రెండు రోజులే మొదట ఎగిరిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి బీఎఫ్‌ఏ యానిమేషన్ రెండో ఏడు. మాస్టార్లలో చాలామంది పార్ట్‌టైమేనట. ఇంకా బంతులూ పిండి సంచులూ గీయిస్తున్నారు. బయట ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్ నేర్పేస్తామంటున్నారు, మార్చేయమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పిండి సంచి గీయిస్తున్నారంటే మంచి చేతుల్లోనే ఉన్నాడు సార్. ముఖం, కాళ్లు, చేతులు లేని సంచిని ఏడిపించగలిగితే మనిషిని ఏడిపించడం వస్తుంది. సాఫ్ట్‌వేర్ సెలవుల్లో నేర్చుకోవచ్చు. పార్ట్‌టైమ్ మాస్టారు కావడం లోపం కాదు, మిగతా నాలుగు రోజులు ల్యాబ్‌కి తాళం పడి ఉంటే అది లోపం. వాణ్ణి రెండే అడగండి: ల్యాబ్ సాయంత్రం తెరిచి ఉంటుందా, పోయిన నెల చేసిన పనిని ఎవరైనా కూర్చుని దిద్దారా? రెండింటికీ లేదంటే అప్పుడు ఆలోచించండి. చివరికి స్టూడియో వాళ్లు చూసేది షోరీల్ (తను చేసిన మంచి పనులు కలిపిన చిన్న వీడియో), దాంట్లో ఒక్క నిమిషం గట్టి పని ఉంటే చాలు.

ప్రశ్న: నేనూ వీకెండ్ క్లాసులు చెప్తున్నాను. స్టూడియోలో చేస్తున్న షాట్లు పిల్లలకి చూపించొచ్చా?
– ఒక యానిమేటర్, విశాఖపట్నం

జవాబు: విడుదల కానివైతే ఒక్క ఫ్రేమ్ కూడా వద్దు. మీరు సంతకం పెట్టిన ఎన్‌డీఏ (పని వివరాలు బయటపెట్టనన్న ఒప్పందం) ఇంకోసారి తీసి చదవండి, పిల్లలు ఫోన్ తీసి రికార్డ్ చేయడానికి రెండు సెకన్లు చాలు. విడుదలయ్యాక కూడా రఫ్‌లు (మొదటి చిత్తు గీతలు), రిగ్ ఫైళ్లు స్టూడియోవే, అడిగి తీసుకోండి. అంతకంటే తేలిక దారి, అలాంటి షాట్‌నే మీ సొంత బొమ్మతో క్లాసులో వాళ్ల ముందే మొదటి నుంచి గీయడం.