ఆర్మీ–నేవీ మ్యాచ్‌కి దొరికే రక్షణ మన ఆటలకి ఉందా?

అమెరికాలో డిసెంబరు రెండో శనివారం ఆర్మీ–నేవీ (వాళ్ల సైన్యం, నౌకాదళం నడిపే కాలేజీల జట్ల) అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగేటప్పుడు వేరే కాలేజీ మ్యాచ్ టీవీలో వేయొద్దని ప్రభుత్వం చెప్పగలదా, మన దగ్గర అలాంటి చట్టం ఉందా అని అడిగారు. ఆ పోటీ 1890లో మొదలైంది. 2024లో కాలేజీ ప్లేఆఫ్ (ఛాంపియన్‌ని తేల్చే చివరి పోటీలు) 12 జట్లకు పెరిగాక డిసెంబరు శనివారాలకి గిరాకీ వచ్చింది, దాంతో నాలుగు గంటలు ఆ ఒక్క మ్యాచ్‌కే వదిలేలా ఉత్తర్వు ఇస్తానని ట్రంప్ 2026 జనవరిలో ప్రకటించాడు.

నాకైతే వాళ్ల 1961 చట్టమే తెలివైనదనిపిస్తుంది. ఎన్ఎఫ్ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్లన్నీ కలిసి టీవీ హక్కులు గంపగుత్తగా అమ్ముకోవడానికి, కంపెనీలు కుమ్మక్కవకుండా ఆపే పోటీ చట్టం అడ్డొచ్చింది. అప్పుడు వాళ్ల పార్లమెంటు వాళ్లు, సరే మినహాయిస్తాం, కానీ సెప్టెంబరు రెండో శుక్రవారం నుంచి డిసెంబరు రెండో శనివారం దాకా, శుక్రవారం సాయంత్రాలూ శనివారాలూ కాలేజీ ఆట జరిగే చోటికి 75 మైళ్ల లోపు మీ మ్యాచ్ టీవీలో వేస్తే ఆ మినహాయింపు ఉండదు అన్నారు (స్కూలు ఆటల్ని 1966లో కలిపారు). వేయొద్దని హుకుం ఏమీ లేదు, వేస్తే నష్టం వాళ్లకే. అయితే అది ఎన్ఎఫ్ఎల్‌ని ఆపుతుంది గానీ తోటి కాలేజీల మ్యాచ్‌లని ఆపదు, ఇప్పుడు గొడవ అక్కడే.

మన 2007 చట్టం టైం జోలికే పోదు. ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ దూరదర్శన్ నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి, టీవీ ప్రకటనల డబ్బులో 75 శాతం హక్కులు కొన్నవాళ్లకి, 25 శాతం ప్రసార భారతికి, అంతే. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టవర్లకీ ఫ్రీ డిష్‌కీ (నెల చందా లేని దాని డిష్ సర్వీసు) మాత్రమే, కేబుల్‌కి కాదు అంది. ఆ తర్వాత ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చూడాలి తమాషా! నెలనెలా కేబుల్‌కి డబ్బు కట్టే మాకు దూరదర్శన్‌లో మ్యాచ్ రాదు, డాబా మీద ఫ్రీ డిష్ పెట్టుకున్న పెద్దమ్మ వాళ్లకి హాయిగా వస్తుంది. అందరూ కేబుల్ అబ్బాయినే తిట్టారు, పాపం అతనేం చేస్తాడు.

టైం దెబ్బ పడేది చిన్న ఆటలకే. సంక్రాంతికి మా వైపూ, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం వైపూ ఊళ్లలో కబడ్డీ పెడతారు, ఆ రోజు ఇండియా వన్డే పడిందంటే కమిటీ వాళ్లకి టెన్షనే. వీళ్ల కోసం క్రికెట్ బోర్డు టైం మార్చాలని ఏ చట్టమూ చెప్పదు కాబట్టి, వన్డే ఒంటిగంటన్నరకి ఉంటే కబడ్డీ ఫైనల్ పొద్దున పదింటికే కానిచ్చేస్తారు, అదీ కుదరకపోతే మధ్యమధ్యలో మైకులో క్రికెట్ స్కోరు చెబుతూ ఆడిస్తారు.