స్రవంతికి, పీహెచ్‌డీకి బయల్దేరే ముందు

తల్లీ స్రవంతీ,

అమెరికాలో మార్కెటింగ్ పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. వాడి సంబరం ఇంతా అంతా కాదు. నాకూ అంతే. కానీ హైదరాబాద్ వాళ్ళనీ అక్కడి అమెరికన్లనీ పోల్చి, స్వదేశీ సరుకుల మీద ఎవరికి మమకారం ఎక్కువో సర్వే చేస్తానన్నావట. అది వినగానే టెన్షన్ పట్టుకుంది.

స్టాటిస్టిక్స్ గట్టిగా చదువు. గైడ్‌ని ఎంచుకునే ముందు ఆయన పాత విద్యార్థులతో మాట్లాడు. దేశాల సంస్కృతులకు అంకెలిచ్చిన హాఫ్‌స్టెడ్ పట్టిక చూసి ‘ఇండియన్లు ఇలాంటివాళ్ళు’ అని రాసేయకు. ఆ అంకెలకు మూలం ఐబీఎం ఉద్యోగుల సర్వేలు, అవీ దేశాల సగటులు. మీ అమ్మ ఏం కొంటుందో వాటిలో దొరకదు.

నా అసలు భయం వేరే. నాతో పనిచేసిన ఒకాయన తొంభైల మధ్యలో ఇదే పని చేశారు. స్వదేశీ సరుకుల మీద మమకారం కొలవడానికి షింప్, శర్మ 1987లో తయారుచేసిన సెట్‌స్కేల్ అనే ప్రశ్నావళి తీసుకున్నారు. 17 వాక్యాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు దాకా మార్కు, ఏడంటే పూర్తిగా ఒప్పుకున్నట్టు. అమెరికాలో కాలేజీ పిల్లల చేత నింపించి, ఇక్కడ ఇళ్ళకు వెళ్ళి గృహిణుల్ని అడిగారు. సాయానికి నేనూ వెళ్ళేదాన్ని. సికింద్రాబాద్‌లో ఒకావిడ టీ ఇచ్చి, కొంగు సర్దుకుని కూర్చున్నారు. విదేశీ వస్తువులు కొనడం తప్పేనా అంటే ‘అంతే కదండీ’, ఏడు. కొంటే మనవాళ్ళ ఉద్యోగాలు పోతాయా అంటే ‘నిజమేనండీ’, మళ్ళీ ఏడు. పక్కన బల్ల మీద, కొడుకు దుబాయ్ నుంచి పంపిన సోనీ టేప్‌రికార్డర్ మీద కుట్టుపూల గుడ్డ కప్పి ఉంది! ఇంటికొచ్చినవాళ్ళ మాట కాదనడం ఎందుకని ఆవిడ మర్యాద. వాక్యాలన్నీ ఒకేవైపు మొగ్గేవి కాబట్టి ఆ మర్యాదంతా దేశాభిమానం ఖాతాలో పడింది.

ఈలోగా 1998లో స్టీన్‌క్యాంప్, బామ్‌గార్ట్‌నర్ జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో, రెండు దేశాల్లోనూ కొలబద్ద ఒకేలా పనిచేస్తోందని చూపాకే సగటులు పోల్చాలని రాశారు. ఈయన పేపర్‌కి సమీక్షకులు అదే అడిగారు. స్కేలార్ ఇన్వేరియెన్స్, అంటే ఒకే అభిప్రాయం ఉన్నవాళ్ళు రెండు దేశాల్లోనూ ఒకే మార్కు వేస్తారన్నది, నిలబడలేదు. పైగా అటు కుర్రాళ్ళు, ఇటు గృహిణులు. తేడా దేశానిదో వయసుదో ఎవరు చెప్పగలరు? మళ్ళీ సర్వే చేద్దామంటే డబ్బు లేదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఆ ఏడాదంతా స్టాఫ్‌రూమ్‌కే రాలేదు.

తిరగేసిన వాక్యాలు, అంటే ‘విదేశీ సరుకు కొంటే తప్పు లేదు’ లాంటివి, నాలుగు కలిపితే చాలనుకునేవు. వాటితో ఆసియా దేశాల్లో ఇంకో తలనొప్పి ఉందని 2003లో వాంగ్, రిండ్‌ఫ్లైష్, బరోస్ చూపించారు, చదువు. రెండు చోట్లా ఒకే వయసు, ఒకే చదువు ఉన్నవాళ్ళని తీసుకో. అభిప్రాయాలతో ఆగకుండా ఈ మధ్య ఏం కొన్నారో కూడా అడుగు.

చెప్పిందే చెప్తున్నానని విసుక్కోకు. తిండి మానేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటావేమోనని దిగులు. ప్రశ్నావళి తయారవగానే నాకు పంపు, మా అపార్ట్‌మెంట్‌లో నలుగురి చేత నింపించి ఎక్కడ తడబడ్డారో రాస్తాను. మీ నాన్నకి మాత్రం ఇవ్వకు, కూతురు అడిగిందని అన్నిటికీ ఏడే పెడతాడు.

మీ అత్తయ్య