తలుపు స్తంభం మీది ప్లేటు చూశారా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. మావారికి పాత కార్లంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. డేటన్ వైపు ఒకాయన 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ ఫోర్ డోర్ సెడాన్ అమ్మకానికి పెట్టారు. 24,500 డాలర్లు చెబుతున్నారు. ఒరిజినల్ వి-8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) అట, 41,000 మైళ్ళే తిరిగిందట, తుప్పు పట్టకుండా అడుగున పూసే అండర్‌కోటింగ్ కూడా కొత్తగా వేయించారట. ఆయన పంపిన ఫోటోల్లో ఒక ప్లేటు మీద సి57ఎఫ్ అని మొదలయ్యే నంబరు ఉంది. మా పాపకు ఆరేళ్ళు. వెనక సీట్లో కూర్చునేది తనే. కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ ప్లేటు సంగతి రాసి మంచి పని చేశారు. 1957 షెవ్రొలేలో అది డ్రైవరు వైపు ముందు తలుపు తెరిస్తే, కీళ్ళు బిగించిన స్తంభం మీద కనిపిస్తుంది. సి అంటే బెల్ ఎయిర్, 57 అంటే సంవత్సరం, ఎఫ్ అంటే మిషిగన్‌లోని ఫ్లింట్ ఫ్యాక్టరీ. వి-8తో తయారైన బండికైతే వీటన్నిటికంటే ముందు 'వి' అక్షరం ఉంటుంది. మీ నంబరులో అది లేదు. అంటే ఈ బండి ఫ్లింట్ నుంచి ఆరు సిలిండర్ల ఇంజిన్‌తోనే బయటికొచ్చింది, వి-8 తర్వాత ఎవరో పెట్టారు. అమ్మే ఆయన అబద్ధమాడుతున్నారని అనుకోవద్దు. ఆయన కొనేటప్పటికే అలా ఉండి ఉండొచ్చు, హుడ్ మీద బంగారు రంగు 'వి' గుర్తు చూసి నమ్మి ఉండొచ్చు. ఆ గుర్తు బజార్లో దొరుకుతుంది, ఎవరైనా తెచ్చి బిగించవచ్చు.

ఇంజిన్ మారినంత మాత్రాన బండి చెడ్డదైపోదు. నా 57 షెవ్రొలే టూ-టెన్ సెడాన్‌లో ఇప్పటికీ ఆ 235 ఘనపుటంగుళాల సిక్సే ఉంది. నెమ్మదైన ఇంజిను, మొండిది, నాకదంటే ఎంతో ఇష్టం. కానీ ఒరిజినల్ వి-8కి ఇచ్చే ధర దీనికి ఇవ్వక్కర్లేదు. పైగా ఆ ఏడాది బెల్ ఎయిర్ ఫోర్ డోర్ సెడాన్లు రెండున్నర లక్షలకు పైగా తయారయ్యాయి. రెండు తలుపుల హార్డ్‌టాప్‌కీ, కన్వర్టిబుల్‌కీ పలికే ధరలు విని దీనికి వెల కట్టకండి.

41,000 మైళ్ళ మాట కూడా పక్కన పెట్టండి. ఆ కాలపు మీటరు 99,999 దాటగానే మళ్ళీ సున్నాకొస్తుంది. బ్రేకు పెడల్ మీది రబ్బరు ఎంత అరిగిందో, డ్రైవరు తలుపు తెరవగానే కిందికి వాలుతోందో లేదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ కొత్త అండర్‌కోటింగ్. నా బండి కొన్నప్పుడు అడుగంతా నల్లగా, నున్నగా, కొత్తగా కనిపించింది. సంతోషంగా డబ్బు కట్టి తెచ్చుకున్నాను. చలికాలం పోయాక కార్పెట్ ఎత్తి, డ్రైవరు కాళ్ళ దగ్గర స్క్రూడ్రైవరుతో మెల్లగా పొడిచాను. అప్పడంలా విరిగి, కింది సిమెంటు నేల కనిపించింది. ఆ నల్లటి పూత తప్ప అక్కడ ఇనుమన్నదే లేదు. బండి నేల మొత్తం కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. అందుకే మీరు వెళ్ళినప్పుడు కార్పెట్ ఎత్తి చూపించమని అడగండి. ట్రంక్‌లో పరిచిన మ్యాట్ తీయండి. తలుపుల కింద ఉండే రాకర్ ప్యానెళ్ళ మీదా, హెడ్‌లైట్ల పైన కనురెప్పలా వంగిన చోటా చిన్న అయస్కాంతం ఆనించండి. అంటుకోకపోతే అక్కడున్నది రేకు కాదు, బాండో అనే పుట్టీ. బండిని లిఫ్టు మీదకి ఎక్కించి చూస్తానంటే ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే తిరిగి వచ్చేయండి.

ఇది ధర కోసమే చెప్పడం లేదమ్మా, పాప కోసం. 1957లో సీటు బెల్టులు బండితో పాటు వచ్చేవి కావు. ఇప్పుడు పెట్టించాలంటే వాటి బోల్టులు పట్టుకోవాల్సింది నేల రేకునూ పక్క స్తంభాలనూ. అవి పుచ్చిపోయి ఉంటే ఎంత మంచి బెల్టైనా ఊడి చేతికొస్తుంది. పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టరు సీటుకి నడుం బెల్టు ఒక్కటే చాలదు, భుజం మీదుగా వచ్చేదీ కావాలి. ఆ పని బాగా తెలిసినవాళ్ళు చేసేదాకా పాపను ఆ బండిలో తిప్పకండి, వీధి చివరి వరకైనా సరే. బ్రేకులూ అంతే. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, బ్రేకు ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్‌లో అన్నిటికీ కలిపి ఒకే గది. ఒక్కచోట గొట్టం కారితే నాలుగూ ఒకేసారి పోతాయి. రెండు గదుల సిలిండరు, ముందు చక్రాలకు డిస్కులు వేయించే ఖర్చు ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి. ఒరిజినాలిటీ పోతుందని ఎవరైనా అంటే వినకండి.

కాగితాల విషయానికొస్తే, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీది నంబరూ ప్లేటు మీది నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. టైటిల్ ఆయన పేరునే ఉండాలి. ఒహాయోలో అమ్మేవారి సంతకం నోటరీ ముందు జరగాలి కాబట్టి ఇద్దరూ కలిసి వెళ్ళండి.

నేల గట్టిగా ఉంటే నేనైతే 18,000 దగ్గర మొదలుపెడతాను, 20,000 దాటను. ముందురోజే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. చేరగానే హుడ్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీ కళ్ళతో చూడాలి. పాపనూ వెంట తీసుకెళ్ళండి. బండి వెనక ఎడమ రెక్క (ఫిన్) చివరి క్రోమ్ పట్టీ తెరిస్తే వెనకాల గ్యాస్ (పెట్రోల్) మూత దాక్కుని ఉంటుంది, తనని వెతకమనండి. ఈలోగా మీరు ట్రంక్‌లోకి తల పెట్టి వాసన చూడండి. గ్యాస్ వాసన కొడితే లోపలి రబ్బరు గొట్టం పగిలి ఉండొచ్చు. ఇప్పటి గ్యాస్‌లో కలిసే ఇథనాల్‌కు ఆ పాత రబ్బరు ఆగదు. అది మార్పించాకే ఇంటికి నడుపుకు రండి.