మా నానమ్మను వదిలి, ఎవరి నానమ్మకో సేవ చేయడానికి వెళ్లడం తప్పా?

ప్రశ్న: నా వయసు 27. బీఎస్సీ నర్సింగ్ చదివి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. వృద్ధుల సంరక్షణలోనే స్థిరపడాలని, వీలైతే జెరంటాలజీ (వృద్ధాప్య శాస్త్రం) చదవాలని, అందుకు విదేశం వెళ్లాలని కోరిక. ఊళ్లో 82 ఏళ్ల మా నానమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు). ‘సొంత నానమ్మను అమ్మ మీద వదిలేసి, డబ్బు కోసం ఎవరి ముసలివాళ్లకో ఒళ్లు కడగడానికి పోతావా?’ అని నాన్న నిలదీస్తున్నారు. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా ఉన్న మేనమామ అక్కడికే రమ్మంటున్నాడు. ఆరు లక్షలకు బ్రిటన్‌లో కేర్ వర్కర్ వీసా ఇప్పిస్తానని ఒక ఏజెంటు రెండు లక్షలు ముందుగా కట్టమంటున్నాడు. నేను తప్పు చేస్తున్నానా? ఎటు వెళ్లాలి?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: ముందుగా ఆ రెండు లక్షల సంగతి చెబుతాను. మిగతా వాటి గురించి ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది, దీనికి లేదు. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడాన్ని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలై 22న ఆపేసింది. అంతకుముందే, 2024 మార్చి నుంచి, ఆ వీసా మీద వెళ్లేవారు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేకుండా చేసింది. రిజిస్టర్డ్ నర్సుల దారి వేరు, అది మూసుకుపోలేదు. మీ ఏజెంటు చెబుతున్నది ఆ దారి గురించి కాదు. పైగా మన దేశంలో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని లైసెన్సు ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, రూపాయి కూడా కట్టకండి.

ఇక మీ నాన్నగారి మాట. అది మీకు ఎంత కష్టం కలిగించిందో ఉత్తరం నిండా కనిపిస్తోంది. అయితే మీరు నాలుగో పేజీలో, మీ గొప్ప చెప్పుకుంటున్నట్టు కాకుండా, మాటల మధ్య రాసేసిన ఒక సంగతి దగ్గర నేను ఆగిపోయాను. పొద్దుగూకే వేళకు నానమ్మ రెండు చీరలు తువ్వాలులో మూట కట్టుకుని ‘మా తల్లిగారింటికి పోత’ అని గుమ్మం దాటుతారు. ‘ఇదే గదా మన ఇల్లు, తల్లిగారిల్లు ఎక్కడున్నది’ అని మీ నాన్న వాదిస్తారు, ఆమె ఏడుస్తారు, చేయి చేసుకోబోతారు. మీరు ఊళ్లో ఉన్న రోజున మాత్రం ‘పద నానమ్మా, నేనూ వస్త’ అని ఆ మూట మీరే పట్టుకుని, వేపచెట్టు దాకా నడిపించి, అటు నుంచి వెనక్కి మళ్లించి, ‘ఇగో, వచ్చినం’ అంటే ఆమె నెమ్మదిగా లోపలికి వచ్చి కాళ్లు కడుక్కుంటారు. డిమెన్షియా ఉన్నవారికి సాయంత్రం పూట కలవరం పెరగడం మామూలే. ఆ సమయంలో వాస్తవాన్ని నిరూపించబోకుండా వారి భయంతో పాటు నాలుగడుగులు నడవడమే ఆ సేవలోని అసలు నేర్పు. అది మీకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఒళ్లు కడగడం, పక్క మార్చడం చిన్న పనులని మీ నాన్నగారు అనుకుంటున్నారు గానీ, మంచాన పడిన మనిషిని రెండేసి గంటలకు ఒత్తిగిలించకపోతే నడుము దగ్గర పుండు పడుతుందని నర్సుగా మీకు తెలుసు. అందులో తలవంపులు ఏమీ లేవు.

అలాగని ఆయన ప్రశ్నను పూర్తిగా పక్కన పెట్టలేను. మీ ఉత్తరం అయిదు పేజీలు. అందులో మీ అమ్మగారి గురించి ఉన్నవి రెండే వాక్యాలు. మీరు పదిహేను రోజులకోసారి ఊరికి వెళతారు, మీ నాన్నగారు పొద్దంతా దుకాణంలో ఉంటారు. మిగిలిన గంటలన్నీ ఎవరివో వేరే చెప్పాలా? కన్నకొడుకు చేయవలసిన దానిలో సగమైనా కోడలి భుజం మీదికి ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడు మనవరాలు వెళ్లడం తప్పా ఒప్పా అని మీరూ మీ నాన్నగారూ వాదులాడుకుంటున్నారు. నా అభిప్రాయంలో మీరు వెళ్లడం తప్పు కాదు. అమ్మకు ఏ ఏర్పాటూ చేయకుండా వెళితే మాత్రం అది తప్పే అవుతుంది. పగటి పూటకు ఒక మనిషిని పెట్టుకోవడానికి మీ జీతంలోంచి ఎంత ఇవ్వగలరో ఈ నెల నుంచే ఇచ్చి చూడండి. విదేశీ జీతం వచ్చాక చూద్దామనే మాట నేను చాలా ఇళ్లలో విన్నాను, అది అలాగే వాయిదా పడుతూ పోతుంది.

ఎటు వెళ్లాలన్న ప్రశ్నకు వస్తే, మీరు జెరంటాలజీ, నర్సింగ్, కేర్‌గివర్ పని అన్నీ ఒకే గాటన కట్టారు. జెరంటాలజీ అంటే వృద్ధాప్యాన్ని శరీరం, మనసు, సమాజం అన్ని వైపుల నుంచీ అధ్యయనం చేసే శాస్త్రం. దానికోసమే ప్రత్యేకంగా అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1975లో ఒక కళాశాలను పెట్టింది. కెనడాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో, లండన్ కింగ్స్ కాలేజీలో ఆ చదువు ఉంది. మన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.వి. రామమూర్తి నడిపిన వృద్ధాప్య పరిశోధన కేంద్రం దేశమంతా ఎరిగినదే. ఆ డిగ్రీతో పరిశోధనలోకి, ప్రభుత్వ విధానాల రూపకల్పనలోకి, వృద్ధాశ్రమాల నిర్వహణలోకి వెళ్లవచ్చు గానీ, రోగి మంచం దగ్గర పనిచేసే లైసెన్సు దానితో రాదు. ఇప్పుడే అప్పు చేసి ఆ చదువుకు వెళ్లవద్దని నా సలహా. కొన్నేళ్లు పనిచేసి, ఏ ప్రశ్న మిమ్మల్ని వదలడం లేదో తెలిశాక వెళితే ఆ చదువు మీకు పనికొస్తుంది.

మేనమామ మాట ప్రేమతో అన్నదే. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఎందరో అక్కడి ఇళ్లలో పెద్దవారిని చూసుకుంటూ ఇక్కడి కుటుంబాలను నిలబెట్టారు. అయితే అది ఒకే ఇంట్లో, రాత్రీపగలూ ఒకే మనిషితో ఉండే పని. కుటుంబాన్ని తీసుకెళ్లే వీలుండదు, ఎన్నేళ్లు చేసినా నర్సుగా అనుభవం కింద లెక్కకు రాదు. డిగ్రీ ఉన్న మీకు అది ఒక మెట్టు దిగడమే.

జపాన్‌లో కూడా ఈ తేడా గమనించండి. 2000లోనే వృద్ధుల సంరక్షణకు ప్రత్యేక బీమా తెచ్చిన దేశం అది. 2021లో మన దేశంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ప్రారంభ స్థాయి జపనీస్ పరీక్షలు, సంరక్షణ నైపుణ్య పరీక్ష పాసైనవారిని అయిదేళ్ల వరకు తీసుకుంటుంది. కానీ ఆ వీసా మీద మీరు నర్సు కారు, సంరక్షకురాలు మాత్రమే. అక్కడ నర్సు కావాలంటే జపనీస్‌లో అన్నిటికంటే పై మెట్టయిన ఎన్1 దాటి, వారి జాతీయ పరీక్ష రాయాలి. మూడేళ్లు పనిచేశాక ‘కాయిగో ఫుకుషిషి’ అనే సంరక్షకుల జాతీయ పరీక్ష గట్టెక్కినవారికి మాత్రం కుటుంబంతో స్థిరపడే దారి తెరుచుకుంటుంది.

మీకు నేను ముందు పెట్టేది జర్మనీ, ఆ తర్వాత ఆస్ట్రేలియా. జర్మనీ 2020 నుంచి ఆస్పత్రి నర్సింగును, పిల్లల నర్సింగును, వృద్ధుల నర్సింగును ఒకే శిక్షణగా కలిపేసింది. కాబట్టి వృద్ధుల దగ్గర పనిచేసే నర్సుకు అక్కడ వేరే చిన్న పేరు లేదు. మీ డిగ్రీకి గుర్తింపు రావాలంటే జర్మన్ భాష బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) దాకా నేర్చుకోవాలి, ఏడాది దాకా పట్టవచ్చు. ఇంకొకటి, అక్కడ రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం కూడా నర్సు పనే. ఆయాకు అప్పజెప్పడం అలవాటైన మన నర్సులు మొదటి నెలల్లో దీనికే కుంగిపోతారు. మీరు కుంగిపోరనే అనుకుంటున్నాను. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి వృద్ధుల కేంద్రాలలో ఇరవై నాలుగు గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలన్న నిబంధన వచ్చింది. 2024 అక్టోబరు నుంచి ఒక్కొక్కరికి రోజుకు సగటున 215 నిమిషాల సేవ అందాలని, అందులో 44 నిమిషాలు నర్సు స్వయంగా చేయాలని లెక్క కట్టారు. ఇంగ్లిష్ పరీక్ష, ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష, ఆ తర్వాత అక్కడి ప్రాక్టికల్ పరీక్ష దాటాలి. ఖర్చు ఎక్కువే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లోనే నర్సులను జర్మనీకి, జపాన్‌కు సిద్ధం చేస్తోంది. ఏజెంటు ఇంటి మెట్లు ఎక్కేముందు ఆ కార్యాలయానికి వెళ్లండి.

భాష నేర్చుకునే ఏడాదంతా మీరు ఇక్కడే ఉంటారు కనుక, ఇంట్లో ఏర్పాట్లకు అదే గడువు అనుకోండి. మీ నాన్నగారితో ఈ విషయం మీద మళ్లీ వాదించకండి. వచ్చేసారి ఊరికి వెళ్లినప్పుడు, నానమ్మ మూట సర్దుకునే వేళకు మీరు బయటికి రాకుండా ఆయనను వెంట నడవమనండి. మూట ఎవరు పట్టుకోవాలో, వేపచెట్టు దగ్గర ఎటు మళ్లాలో, ఇంటికి రాగానే ఏమనాలో ముందుగానే చెప్పి ఉంచండి.