ఇద్దరు కోచ్‌లు వెళ్ళిపోయాక

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు "పెదనాన్నా" అన్న తీరులోనే ఏదో జరిగిందని తెలిసింది. సీజన్ ముగిసి నెలయినా కాలేదు, మీ ఫుట్‌బాల్ జట్టులో ప్రత్యర్థిని అడ్డుకునేవాళ్ళందరినీ నడిపే డిఫెన్సివ్ కోఆర్డినేటర్ పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే బంతి పట్టినవాడికి కాపుగా ముందు వరుసలో నిలిచే అఫెన్సివ్ లైన్ వాళ్ళ కోచ్ కూడా రాజీనామా ఇచ్చాడు. కళాశాల క్రీడా విభాగాన్ని నడిపే అథ్లెటిక్ డైరెక్టర్‌గా నీకిది మొదటి ఏడాది. క్రిస్మస్ సెలవులు రాకముందే రెండు ఖాళీలూ నింపేయాలన్నావు. ఆ తొందర చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒహాయోలోని ఒక చిన్న కళాశాలలో గణితం చెబుతూనే 19 ఏళ్ళు క్రీడా విభాగానికి అధ్యాపక ప్రతినిధిగా ఉన్నాను కదా. కోచ్‌ల ఎంపిక సంఘాల్లో ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క పెట్టలేదు. బాగా జరిగిన ఎంపికలూ చూశాను, బాధపడ్డవీ చూశాను.

ఈ ఉత్తరం మీ నాన్నకు కూడా చదివి వినిపించు. "ఒక అసిస్టెంటు పోతే ఇంకొకడు దొరకడా, ఇంత దిగులెందుకు?" అని విజయవాడ నుంచి అడిగాడట. వాడికి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆటే. ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు తీసుకువెళ్ళే పదకొండు మంది వేరు, అడ్డుకునే పదకొండు మంది వేరు. ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క కోచ్. కుర్రవాడు హెడ్ కోచ్ మాట రోజుకు పది నిమిషాలు వింటే, తన స్థానపు కోచ్ పక్కన రెండు మూడు గంటలు ఉంటాడు. మీది కళాశాల క్రీడల్లో చిన్న కళాశాలలుండే డివిజన్ త్రీ. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, కుర్రవాడి తల్లిదండ్రులు ఫీజు కట్టి పంపిస్తారు. వాళ్ళ ఇంటికి వెళ్ళి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "మీ అబ్బాయిని నేను చూసుకుంటాను" అని మాట ఇచ్చినవాడు ఈ అసిస్టెంట్ కోచే. ఇప్పుడు వెళ్ళిపోయింది ఆ మాట ఇచ్చిన మనిషి.

అందుకే అమ్మాయీ, మొదట దరఖాస్తులు తెరవవద్దు. మొదట కుర్రవాళ్ళు. లైన్‌లో ఆడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒక కాగితం మీద పేర్లు రాయించు. హెడ్ కోచ్ వాళ్ళలో ప్రతి ఒక్కరితో విడిగా, ముఖాముఖి మాట్లాడాలి. ఫోన్లో సందేశం పెడితే చాలదు. డిఫెన్స్ వాళ్ళతోనూ అంతే. సెలవులకు ఇంటికి వెళ్ళిన కుర్రవాడు తల్లిదండ్రుల ముందు కూర్చుని "మా కోచ్ వెళ్ళిపోయాడు, ఎవరొస్తారో తెలియదు" అంటే, జనవరిలో వాడు తిరిగి రాకపోవచ్చు. కళాశాల మారడం ఈ రోజుల్లో ఎంత తేలికో నీకు చెప్పనక్కరలేదు. చిన్న కళాశాలకు వంద మంది ఉన్న ఫుట్‌బాల్ జట్టంటే వంద మంది విద్యార్థుల ఫీజు కూడా. మీ ప్రెసిడెంటుగారికి ఆ లెక్క నీకన్నా బాగా తెలుసు.

రెండోది, ఒక నోటుపుస్తకం తీసుకుని హెడ్ కోచ్ ఎదురుగా కూర్చో. వెళ్ళిపోయిన ఇద్దరూ ఏమేమి పనులు చేసేవారో ఆయన చెబుతుంటే రాసుకో. ఉద్యోగ ప్రకటనలో ఉండే పనులు కావు, నిజంగా చేసినవి. కొత్త ఆటగాళ్ళ కోసం ఏయే జిల్లాల హైస్కూళ్ళకు ఎవరు వెళ్ళేవారు? మిడ్ టర్మ్ మార్కులు ఎవరు కనుక్కునేవారు? ప్రత్యర్థి జట్ల వీడియోలు ఎవరు తెప్పించి ముక్కలుగా విడదీసేవారు? వేసవిలో కుర్రవాళ్ళ కసరత్తు పట్టిక ఎవరు వేసేవారు? రాత్రి పదకొండింటికి ఎవరైనా ఏడుస్తూ ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? మా కళాశాలలో ఒక లైన్ కోచ్ వెళ్ళిపోయాక ఇలా రాసి చూస్తే, ఆయన ఒక్కడే నలుగురి పని చేస్తున్నాడని బయటపడింది. లైన్ నేర్పడం అందులో ఒకటి మాత్రమే. నాలుగు పనులూ చేయగల ఇంకొకరి కోసం వెతికితే మే నెల వచ్చేది. రెండు పనులు ఉన్నవాళ్ళకే పంచి, మిగిలిన రెంటికి తగిన మనిషిని వెతికారు. మూడు వారాల్లో దొరికాడు. వెళ్ళినవాడికి నకలు కోసం వెతకవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. నీకు కావలసింది ఆ పనులు జరగడం.

ఆ పంపకంలోనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇంట్లో ఉన్నవాడికి పదోన్నతి ఇవ్వాలా, బయటినుంచి తేవాలా? పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత కోచ్‌ల ఎంపికలో పనిచేసినంతగా నేనింకెక్కడా చూడలేదు. నాలుగేళ్ళుగా నీ దగ్గరే ఉన్న కుర్ర కోచ్ కంటికి ఆనడు, దూరాన ఎవరో గొప్పగా కనిపిస్తారు. మా ఒహాయోలోనే మీలాంటి డివిజన్ త్రీ కళాశాల మౌంట్ యూనియన్‌ను చూడు. లారీ కెరెస్ 1986 నుంచి 2012 వరకు హెడ్ కోచ్‌గా ఉండి 332 ఆటలు గెలిచి 24 మాత్రమే ఓడారు, 11 జాతీయ టైటిళ్ళు తెచ్చారు. ఆయన తర్వాత పగ్గాలు అందుకున్నది అప్పటిదాకా అక్కడే డిఫెన్స్ చూసిన ఆయన కొడుకు విన్స్. 2015లోనూ 2017లోనూ మళ్ళీ టైటిల్ వచ్చింది. పద్ధతి తెలిసినవాడికి, కుర్రవాళ్ళ పేర్లే కాదు వాళ్ళ మోకాళ్ళ నొప్పులు కూడా తెలిసినవాడికి, మొదటి రోజునుంచే పని సాగుతుంది.

అయితే ఇంటివాడని కళ్ళు మూసుకుని ఇచ్చేయమని కూడా అనను. 2021 డిసెంబరులో క్లెమ్సన్ విశ్వవిద్యాలయానికి నీకు వచ్చిన కష్టమే వచ్చింది. పదేళ్ళు డిఫెన్స్ నడిపిన బ్రెంట్ వెనబుల్స్ ఓక్లహోమాకు, అఫెన్స్ చూసే టోనీ ఎలియట్ వర్జీనియాకు, ఇద్దరూ హెడ్ కోచ్‌లుగా వెళ్ళిపోయారు. అక్కడి హెడ్ కోచ్ డాబో స్విన్నీ రెండు చోట్లా లోపలివాళ్ళనే పెట్టారు. మరుసటి ఏడాది 11 ఆటలు గెలిచారు, తమ కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమి) టైటిలూ వచ్చింది. అయినా అఫెన్స్ కోఆర్డినేటర్‌ను ఏడాదికే మార్చవలసి వచ్చింది, డిఫెన్స్ కోఆర్డినేటర్‌ను మూడేళ్ళకు. నాకు తోచిందేమిటంటే, లోపలివాడిని కూడా బయటివాడిలాగే ఇంటర్వ్యూ చేయాలి. అవే ప్రశ్నలు, బోర్డు మీద అదే పాఠం, అంతే సమయం. అలా చేస్తే వాడికి ఉద్యోగం వచ్చినా గౌరవంగా ఉంటుంది, రాకపోయినా ఎందుకు రాలేదో వాడికే తెలుస్తుంది. నిన్న నువ్వు పైచదువు చదువుతూ కోచింగ్‌లో సాయపడే మీ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ గురించి "వాడింకా చిన్నవాడు" అని ఒక్క మాటలో తీసేశావు. అది నాకు నచ్చలేదు తల్లీ. 2019లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయపు పాసింగ్ ఆటను (బంతిని విసిరి ముందుకు సాగే ఆటను) మార్చేసిన జో బ్రేడీకి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. ఆ ఏడాది జట్టు 15 ఆటలకు 15 గెలిచింది, దేశంలోకెల్లా మేటి అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు ఆయనకే వచ్చింది.

ఆ జట్టు కథలోనే నీకు పనికొచ్చే రెండో సగం ఉంది. ఆ సీజన్ ముగియగానే బ్రేడీ ప్రొఫెషనల్ జట్టుకు, డిఫెన్స్ నడిపిన డేవ్ అరాండా బేలర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. ఆటగాళ్ళలో ఎందరో కూడా వెళ్ళారన్నది నిజమే, ఆ భారం తక్కువది కాదు. డిఫెన్స్‌కు బో పెలీనీని తెచ్చారు. ఆయన కొత్తవాడు కాడు, అదే విశ్వవిద్యాలయంలో 2007 జాతీయ టైటిల్ నాటి డిఫెన్స్ ఆయనదే. కానీ ఆయన పద్ధతి వేరు. ముందు వరుసలో ముగ్గురు ఉండే అమరికకు అలవాటుపడ్డ కుర్రవాళ్ళను నలుగురి అమరికకు మార్చారు. 2020లో మొదటి ఆటలోనే మిసిసిపీ స్టేట్ వాళ్ళు బంతిని విసిరి 623 గజాలు సాధించారు. ఆ కాన్ఫరెన్స్ చరిత్రలోనే అది రికార్డు. సీజన్ 5 గెలుపులు, 5 ఓటములతో ముగిసింది, పెలీనీ ఒక్క ఏడాదితోనే వెళ్ళిపోయారు. పేరున్న మనిషిని తెచ్చినంతమాత్రాన సరిపోదు. "మా కుర్రవాళ్ళకు ఇప్పటికే తెలిసినదానిలో ఎంత ఉంచుతారు, ఎంత మారుస్తారు, మారుస్తే ఏ నెలలో?" అని తప్పక అడగండి. "అంతా మార్చేస్తాను" అన్నవాడి ఉత్సాహం చూసి మురిసిపోవద్దు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన ఇళ్ళు నాకు తెలుసు.

అలాంటిది ఒకటి నా కళ్ళముందే జరిగింది. ఒక ఏడాది సరిగ్గా నీలాగే, సెలవుల్లోపు తేలిపోవాలని తొందరపడి, నాలుగు రోజుల్లో ఒకాయనను తీసుకున్నాం. ఇంటర్వ్యూలో మాట తేనెలా ఉంది. దరఖాస్తులో ఇచ్చిన ముగ్గురికీ ఫోన్ చేశాం, ముగ్గురూ పొగిడారు. ఆయన రాసి ఇచ్చిన పేర్లు కాక ఇంకెవరినీ అడగలేదు. ఆగస్టు శిబిరం రెండో వారానికి లైన్ కుర్రవాళ్ళు నా గణితం గదికి వచ్చి కూర్చునేవారు. లెక్కల కోసం కాదు, ఇంకెక్కడ చెప్పుకోవాలో తెలియక. అరుపులు, అవమానాలు. అక్టోబరుకు నలుగురు ఆట మానేశారు, వాళ్ళలో ఒకడు చదువే మానేశాడు. ఆ ఎంపిక కాగితం మీద నా సంతకం ఉంది. ఆ కుర్రవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి నేను పట్టుబట్టినది ఒకటే. అభ్యర్థి పాత కళాశాలలో ఆటగాళ్ళ దెబ్బలు చూసే అథ్లెటిక్ ట్రైనర్‌కు ఫోన్ చేయండి. సామాన్ల గదిలో పనిచేసేవారికి, ఆఫీసు గుమాస్తాకు కూడా. అభ్యర్థికి ముందే చెప్పి, ఆయన అనుమతితోనే చేయండి. దెబ్బ తగిలిన కుర్రవాడిని తొందరగా మైదానంలోకి దింపమని ఒత్తిడి తెచ్చేవాడా కాదా అన్నది ట్రైనర్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తనకు ఏ మేలూ చేయలేనివాళ్ళతో ఎలా మాట్లాడతాడో గుమాస్తాకు తెలుసు. "ఆయన మళ్ళీ మీ దగ్గరికి వస్తానంటే తీసుకుంటారా?" అని అడిగి, జవాబుకు ముందు వచ్చే మౌనం ఎంతసేపుందో గమనించు. డిగ్రీలు మాత్రం నేరుగా ఆ విశ్వవిద్యాలయాలతోనే నిర్ధారించుకోండి. 2001 డిసెంబరులో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం అంతటి సంస్థ జార్జ్ ఓలియరీని హెడ్ కోచ్‌గా ప్రకటించిన ఐదు రోజులకే, తన చదువు గురించీ ఆట గురించీ రాసుకున్నది నిజం కాదని తేలి ఆయన రాజీనామా చేయవలసి వచ్చింది. వాళ్ళకే జరిగింది.

ఇంటర్వ్యూలో ఉపన్యాసాలు వద్దు. ఒక బోర్డు, నలుగురు లైన్ కుర్రవాళ్ళు, ఇరవై నిమిషాలు. ఏదైనా ఒక ఎత్తు నేర్పమనండి. బోర్డు మీద గీతలు అందరూ అందంగానే గీస్తారు. నువ్వు చూడవలసింది వెనక కూర్చున్నవాడికి అర్థం కాలేదని ఆయన గుర్తించాడా లేదా అని. గుర్తించాక ఏం చేశాడు? అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాడా, వేరేలా చెప్పాడా? తర్వాత ఆయన ఓడిన ఆట వీడియో ఒకటి తెమ్మని, ఎందుకు ఓడారో చెప్పమనండి. తప్పంతా కుర్రవాళ్ళదే అయితే నాకైతే అంతటితో ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

ఎక్కడ వెతకాలంటావా? జనవరిలో కోచ్‌ల సంఘం మహాసభకు నీ హెడ్ కోచ్‌ను తప్పక పంపు, ఖర్చుకు వెనకాడకు. అక్కడ సగం ఉద్యోగాలు హోటల్ వసారాల్లోనే తేలుతాయి. పెద్దచోట్ల హెడ్ కోచ్‌ను తీసేసినప్పుడు ఆయన కింద ఉన్నవాళ్ళందరూ ఏ తప్పూ లేకుండా రోడ్డున పడతారు. వాళ్ళలో ఆణిముత్యాలుంటారు. హైస్కూల్ కోచ్‌లను మరవవద్దు. రోజూ పద్నాలుగేళ్ళ పిల్లలకు నేర్పేవాడికి నేర్పడం వచ్చి తీరుతుంది, పైగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ వాడికి తెలుసు. ఒకటి మాత్రం చూసుకో. మీ హెడ్ కోచ్ తన పాత స్నేహితుల పేర్లే ముగ్గురివి ఇస్తే, నాలుగో పేరు, ఐదో పేరు ఆయనకు పరిచయం లేనివాళ్ళవి ఉండాలని అడుగు. అది అడిగే హక్కు నీకుంది. చివరి మాట మాత్రం ఆయనదే కానివ్వు. రేపు వర్షంలో, ఓడిపోతున్న ఆటలో, ఆ మనిషి పక్కన నిలబడేది ఆయనే.

జీతం విషయం మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. అరాండాకు 2018లో ఏడాదికి 25 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చారని పేపర్లలో చదివిన కుర్ర కోచ్‌లు ఉంటారు. మీ కళాశాల ఇవ్వగలిగింది వేరు. మూడో ఇంటర్వ్యూ దాకా లాగి అప్పుడు అంకె చెబితే ఆ కుటుంబం సమయాన్ని దొంగిలించినట్టే. పెళ్ళయిందా, పిల్లలెంతమంది అని అడగకూడదని మీ సిబ్బంది విభాగం చెప్పే ఉంటుంది, అది సరైనదే. అడగకుండానే ఊళ్ళో ఇళ్ళ అద్దెలు, బళ్ళు, ఆసుపత్రి, దగ్గర్లో ఉద్యోగాలు ఇచ్చే సంస్థలు, అన్నీ ఒక కాగితం మీద రాసి వచ్చిన ప్రతి అభ్యర్థికీ ఇవ్వు. మంచి కోచ్‌లు ఏడాది తిరగకుండా వెళ్ళిపోవడానికి ఇంట్లోవాళ్ళకు అక్కడ బతుకు కుదరకపోవడమే కారణమైన సందర్భాలు నేను చాలా చూశాను.

ఇక వెళ్ళిపోయిన ఆ ఇద్దరి మీద నీకు కోపం ఉందని గొంతులోనే తెలిసింది. ఉండనీయకు. వాళ్ళకు ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పు. తమ తర్వాత ఎవరైతే బాగుంటుందో అడుగు, ఏ కుర్రవాడిని కాస్త జాగ్రత్తగా చూసుకోవాలో అడుగు. ఆ రెండో ప్రశ్నకు జవాబు ఇంకెవరూ ఇవ్వలేరు.

మహాసభ అయ్యేదాకా ఎవరికీ మాట ఇవ్వవద్దు. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. పేర్లు రాసిన ఆ కాగితం ముందు పెట్టుకుని ఫోన్ చెయ్యి, హెడ్ కోచ్ ఇంకా ఎవరెవరితో మాట్లాడలేదో చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న