ఫోన్‌లో నంబరుంది, చెయ్యి మాత్రం వెళ్లడం లేదు

ప్రశ్న: అక్కా, నాకు 39 ఏళ్లు, మాది ఖమ్మం. హన్మకొండలో డిగ్రీ చదివిన మూడేళ్లూ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు ఇప్పుడు డాలస్‌లో ఉంటోంది. ఒకరి చున్నీ ఒకరం వేసుకుని తిరిగినవాళ్లం, నా పెళ్లిచూపులకు జడ వేసింది కూడా తనే. మొన్న సంక్రాంతికి ముందు మా నాన్న పోయారు. తను కాలేజీ వాట్సాప్ గ్రూపులో అందరితో పాటు ‘ఓం శాంతి’ అని పెట్టి ఊరుకుంది, ఒక్క ఫోన్ కూడా లేదు. మా నాన్న హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా తనకి విడిగా ఒక జంతికల డబ్బా తెచ్చేవారు. అప్పటినుంచి నేనూ తనతో మాట్లాడలేదు. ‘చదువుకున్నప్పటి స్నేహాలు అంతేలే’ అంటారు మా ఆయన. నిజంగా అంతేనా?

జవాబు: అంతే కాదు చెల్లీ. ఆ జంతికల డబ్బా దగ్గర నేను చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. నాన్నని ఎరిగినవాళ్ల దగ్గరే నాన్న కోసం ఏడవాలనిపిస్తుంది, పరామర్శకి వంద మంది వచ్చినా ఆయన చేతి జంతికలు తిన్న మనిషి రాకపోతే ఆ లోటు లోటే. నీ బాధలో తప్పేమీ లేదు.

కానీ అవతలి వైపు ఏం జరిగి ఉంటుందో నాకు కొంచెం తెలుసు, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఆ తప్పు చేశాను. నా స్నేహితురాలి అమ్మ పోయినప్పుడు రెండు ముక్కలు మెసేజ్ పెట్టి, ఇంటి నిండా జనం ఉంటారు కదా, పదకొండో రోజు అయ్యాక తీరిగ్గా మాట్లాడదాం అనుకున్నాను. పదకొండో రోజు పోయింది, నెల పోయింది. ఇంత ఆలస్యం చేసి ఇప్పుడేం మొహం పెట్టుకుని చెయ్యను అని సిగ్గు. ఎన్ని రోజులు గడిస్తే ఆ సిగ్గు అంత పెరుగుతుంది, చివరికి సంవత్సరీకం నాడు చేశాను. ‘ఇప్పటికి తీరిందా నీకు’ అని అడిగి భోరున ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ మాట అనిపించుకున్నాకే మళ్లీ మామూలయ్యాం.

అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ఒక లెక్క చెప్పారు, ఒక మనిషి దగ్గరి స్నేహితుడు కావాలంటే 200 గంటలకు పైగా కలిసి గడపాలట. ఒకే గదిలో ఉంటే ఆ గంటలు నెల తిరిగేసరికే వచ్చేస్తాయి. మరి ఇప్పుడో? చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. నువ్వు రాత్రి తొమ్మిదికి వంటిల్లు సర్దుకుని కూర్చునేసరికి తను ఆఫీసులో ఉంటుంది, తనకి రాత్రి తీరిక దొరికేసరికి నీకు పొద్దున పరుగులు.

ఇంకొకటి, ఇది మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. మన ఇళ్లల్లో పెళ్లయ్యాక ఆయన స్నేహితులు ‘ఫ్యామిలీ ఫ్రెండ్స్’ అయిపోతారు, వాళ్లింట్లో పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ మనమే దగ్గరుండి వెళ్తాం. ఆడపిల్ల స్నేహితురాళ్లు మాత్రం ‘చదువుకున్నప్పటి స్నేహాలు’. వాళ్లతో మాట్లాడ్డానికి ఆదివారం అరగంట తీసుకుంటే అదేదో సరదా కింద లెక్క. మీ ఆయనతో ఈ మాట మెత్తగానే అయినా చెప్పు.

ఇక చెయ్యాల్సింది. ‘హాయ్, ఎలా ఉన్నావ్’ అని పెట్టకు, దానికి ‘బాగున్నా, నువ్వు’ అని వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. శనివారం రాత్రి ఎనిమిదికి ఫోన్ చెయ్యి, అక్కడ సెలవు రోజు పొద్దున. తీయకపోతే నీ గొంతుతోనే మెసేజ్ పంపు. ‘నాన్న పోయినప్పుడు నువ్వు ఫోన్ చేస్తావని ఎదురుచూశానే’ అను, చాలు, దెప్పొద్దు, దాచొద్దు. తను ఏమనుకుంటుందో అని టెన్షన్ పడకు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పెగ్గీ లియు బృందం 2022లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, అనుకోకుండా పలకరిస్తే అవతలివాళ్లు మనం ఊహించే దానికన్నా ఎక్కువే సంతోషిస్తారట. అయినా బదులు రాలేదనుకో, అప్పుడు వదిలెయ్. కానీ అడగకుండా మాత్రం వదలకు.

ప్రశ్న: 30 ఏళ్లు ఉద్యోగం చేసి గుంటూరులో రిటైరయ్యాను. ఆఫీసు రోజుల్లో రోజూ సాయంత్రం టీ కొట్టు దగ్గర కలిసే ఐదుగురం ఊళ్లోనే ఉన్నాం, కానీ ఏడాదిగా ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అంటే అది ఉత్త ఆఫీసు పరిచయమేనా?

జవాబు: కాదండీ. మిమ్మల్ని రోజూ కలిపింది సాయంత్రం ఐదున్నర, ఆ టీ కొట్టు. ఆ టైమూ ఆ చోటూ పోయాయి, మనుషులు ఉన్నారు. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అంటే ఎప్పటికీ కుదరదు కాబట్టి నెలలో మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి ఫలానా చోట అని నలుగురికీ మీరే చెప్పేయండి. మొదటి రెండు నెలలు ఒక్కరే వచ్చినా మానకుండా వెళ్లండి. మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటారు, మెట్లెక్కాల్సిన చోటు మాత్రం పెట్టకండి.